నడిచినంత కాలమే సాక్ష్యం

నా భర్త నడుస్తున్న వీడియో ఒకటి ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూ ఉంది. తెల్ల చొక్కా వేసుకుని, మందిరం గుమ్మం దగ్గర నుంచి వేదిక దాకా ఎవరి సాయమూ లేకుండా ఆయన నడిచి వెళ్తుంటే, రెండు పక్కలా జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటారు. వేదిక మీద మా పాస్టరు గారు చేతులు చాచి ఎదురు చూస్తుంటారు. చివర్లో ఒక ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ కనిపిస్తుంది. అది నేనే. ఆ వీడియోలో అబద్ధమేమీ లేదు. ఆ రోజు ఆయన నిజంగానే నడిచారు. తర్వాత జరిగిందే అందులో లేదు.

మాది సత్తుపల్లి నుంచి దమ్మపేట పోయే దారిలో ఒక ఊరు. ఇటంతా పామాయిల్ తోటలు, ఇంకొంచెం ముందుకు పోతే అడవి. నేను అక్కడి ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. మా ఆయన తోటల నుంచి ఫ్యాక్టరీకి గెలలు తోలే లారీ డ్రైవరు. నా పుట్టిల్లు తల్లాడ దగ్గర. మా రెండు వైపులా తాతల నాటి నుంచి క్రైస్తవులమే కాబట్టి మందిరం మాకు కొత్త కాదు. కానీ మందిరాన్ని ఇల్లులాగా చేసింది మా పాస్టరు గారు. ఆయన్ని మేమంతా అయ్యగారు అంటాం.

అయ్యగారు మా ఊరికి వచ్చిన కొత్తలో మందిరం అంటే కర్రల మీద రేకుల కప్పు. పెద్ద వాన పడితే వాక్యం వినపడేది కాదు. ఆయన పుస్తకం మూసేసి నవ్వుతూ పాట ఎత్తుకునేవారు. పాత మోపెడ్ మీద ఎండనక వాననక తిరిగేవారు. మా పెళ్లి చేసింది ఆయనే, మా పాపకు పేరు పెట్టింది ఆయనే. నా కాన్పప్పుడు మా అమ్మ మంచాన పడి రాలేకపోతే, ఆయన భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఇంటికొచ్చి నాకు పథ్యం వండి పెట్టింది. అయ్యగారు నన్ను చెల్లెమ్మా అని పిలిచేవారు. నాకు అన్నలు లేరు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకొక అండ ఉందనిపించేది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత మమ్మల్ని బాధపెట్టింది పరాయి మనిషి కాదు. పరాయివాడే అయితే నేనింత రాయాల్సిన పని ఉండేది కాదు.

పాప నాలుగో తరగతిలో ఉండగా మా ఆయనకు పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట క్లచ్ తొక్కీ తొక్కీ అనుకున్నాం. తర్వాత చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒకరోజు లారీ క్యాబిన్ ఎక్కబోయి మోకాళ్లు వంగిపోయి కింద పడ్డారు. ఇక లేవలేదు. ఖమ్మం తీసుకుపోతే నరాల జబ్బన్నారు. ఒంట్లో మనల్ని కాపాడాల్సిందే మన నరాల మీద పడుతుందట. డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టి, ఓపిక పట్టండి, నెలలు పడుతుంది, తగ్గినా మళ్లీ రావచ్చు అని ముందే చెప్పారు. ఆ చివరి మాట నేను విన్నాను గానీ చెవిలో దాచుకోలేదు.

ఆయన మంచంలో ఉన్న ఆ నెలల్లో అయ్యగారు రాని రోజు లేదు. పొద్దున నేను స్కూలుకు వెళ్లాక వచ్చి ఆయనకు గడ్డం గీసేవారు. పక్కకు తిప్పి వీపు తుడిచేవారు. మలమూత్రాలకు కూడా వెనకాడలేదు. నేను సిగ్గుపడితే, తమ్ముడికి చేసుకుంటే తప్పేముందమ్మా అన్నారు. మందిరం ఆడవాళ్లు వంతులు వేసుకుని కూరలు తెచ్చేవారు. ఆ ప్రేమ నటన కాదని ఇప్పటికీ నమ్ముతాను. నన్ను ఎక్కువ బాధపెట్టేది కూడా అదే.

మొదట్లో మా ఆయన గోడకేసి తిరిగి పడుకునేవారు. ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ప్రార్థన చేద్దామంటే కళ్లు మూసుకునేవారు గానీ పెదాలు కదిలేవి కావు. నేను మాత్రం శుక్రవారాలు ఉపవాసం ఉండి, మోకాళ్లూని, కాళ్లు ఇయ్యి ప్రభువా, కాళ్లు ఇయ్యి అని గోడకు వినపడేలా అడిగేదాన్ని. అలా కొన్నాళ్లయ్యాక ఆయన ముఖంలో ఏదో మారింది. గట్టిగా నవ్వడం కాదు గానీ నుదుటి మీది ముడి విడిపోయింది. స్కూలు నుంచి వచ్చేసరికి కిటికీలోంచి బయటికి చూస్తూ ప్రశాంతంగా ఉండేవారు. ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"ఒకమాట చెప్త, కోపం చేయకు. నాకు కాళ్లు రావాలని నువ్వు ఉపవాసాలుంటున్నవ్. రావాలె, వద్దంటలేను. కాని రాకున్నా నాకిప్పుడు బయం లేదు. పొద్దంతా ఈడ పండుకుంటే దేవుడు నా పక్కన్నే కూసున్నట్టుంటది. లారీ తోలినన్నాళ్లు నాకు గిట్ల తెల్వలే."

నాకు కోపమే వచ్చింది. ఇక్కడ ఇల్లు గడవడం కష్టమై, పిల్లను చూసుకుంటూ, బడికి పరిగెత్తుకుంటూ నేను కాళ్ల కోసం దేవుణ్ణి పీడిస్తుంటే ఈయన రాకున్నా ఫర్వాలేదంటాడేమిటి అనుకున్నాను. మర్నాడు అదే మాట ఆయన అయ్యగారికి కూడా చెప్పారు. నేను గుమ్మంలో బియ్యం చెరుగుతూ విన్నాను. అయ్యగారు మా ఆయన చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. ఇదే తమ్ముడూ అసలు సంగతి, నేను ఇన్నేళ్లు చెప్పుకుంటూ తిరుగుతున్నది ఇదే, నాకే ఇంత తెలియలేదు అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది.

ఇంజెక్షన్లు పని చేశాయి. కాలి వేళ్లు కదిలాయి, తర్వాత మడమ, తర్వాత మోకాలు. గోడ పట్టుకుని, వాకర్ పట్టుకుని, చివరికి ఏదీ పట్టుకోకుండా నడిచారు. మాత్రలు మాత్రం ఆపొద్దన్నారు డాక్టరు. ఆయన మందిరంలో నడిచిన ఆ ఆదివారం మా ఊరంతా వచ్చింది, క్రైస్తవులు కానివాళ్లు కూడా. ఎవరో వీడియో తీశారు, దాన్ని మందిరం పేరు మీద ఇంటర్నెట్‌లో పెట్టారు. వారం తిరిగేసరికి మధిర నుంచి, కుసుమంచి నుంచి మా మందిరానికి ఫోన్లు.

అక్కడి నుంచి మా జీవితం సభల జీవితమైంది. శని ఆదివారాలు అయ్యగారితో కలిసి కారులో ఏదో ఒక ఊరు. వేదిక మీద కుర్చీ వేసేవారు, శాలువా కప్పేవారు. నన్ను కూడా నిలబెట్టి రెండు మాటలు చెప్పించేవారు. నేను ఇంజెక్షన్ల సంగతి ఎత్తితే, అది నేను చెప్తాలే చెల్లెమ్మా అని అయ్యగారు మైకు అందుకునేవారు. ఆయన చెప్పేవారు కాదు. మర్చిపోయారనుకునేదాన్ని.

మా ఆయన మాట్లాడేటప్పుడు ఇంకో ఇబ్బంది. ఆయన ఎప్పుడూ మంచం దగ్గరే మొదలుపెట్టేవారు. పడుకున్నప్పుడు దేవుడు తనకు ఎలా దగ్గరయ్యాడో చెప్పబోయేసరికి జనంలో కదలిక మొదలయ్యేది, పిల్లలు ఏడ్చేవారు. అయ్యగారు లేచి, తమ్ముడు ఇప్పుడు నడిచి చూపిస్తాడు అనేవారు. ఈలలు, చప్పట్లు. మా ఆయన నడిచేవారు. కుసుమంచి నుంచి తిరిగొస్తుంటే కారులో అయ్యగారు మెల్లగా అన్నారు:

"తమ్ముడూ, మంచం సంగతి కొంచెం తగ్గియ్యి. జనానికి నడిచిన సంగతి చెప్పు."

"నాకు దేవుడు దొరికింది మంచంలనే గదా అయ్యగారూ. మీకు తెల్సు గదా."

"నాకు తెల్సు. వాళ్లు అందుకు రాలేదు."

నేను వెనక సీట్లో పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని ఆ మాట విన్నాను. నాకప్పుడది తప్పుగా అనిపించలేదు. సభలు నడిపే మనిషికి జనం సంగతి తెలుస్తుంది కదా అనుకున్నాను.

రేకుల కప్పు పోయి మందిరం రెండంతస్తులైంది. అయ్యగారి ప్రసంగాలు కూడా మారాయి. ఇదివరకు ఆయన వాక్యం చెప్తుంటే ఎవరో మన ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండేది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి తమకు వచ్చిన ఉద్యోగం గురించో, కట్టుకున్న ఇంటి గురించో, కొన్న ట్రాక్టరు గురించో చెప్పాలి. ఏమీ రానివాళ్లు వెనక వరసల్లోకి జరిగిపోయారు. కాన్పులో బిడ్డ పోయిన ఒకావిడ, తోటలో గెలలు కోస్తుంటే భర్తకు కరెంటు తీగ తగిలి చచ్చిపోయిన ఒకావిడ, అలాంటివాళ్లు. వాళ్ల పక్కన ఎవరూ ఎక్కువసేపు కూర్చునేవారు కాదు. మేము మొదటి వరసలో ఉండేవాళ్లం.

భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున పెద్ద స్వస్థత సభలు పెట్టాలని అయ్యగారు నిర్ణయించారు. బ్యానర్ల మీద మా ఆయన నడుస్తున్న బొమ్మ వేయించారు. సభలు ఇంకా దగ్గరపడకముందే ఆయన పాదాలకు మళ్లీ తిమ్మిరి మొదలైంది. మొదట నాతో చెప్పలేదు. వాకిట్లో చెప్పులు వదిలి లోపలికొస్తూ, ఒక చెప్పు ఇంకా కాలికే ఉన్నట్టు తెలియక వంటింటి దాకా వచ్చారు. నేను ఆయన కాలి వైపు చూశాను. ఆయన నా ముఖం వైపు చూశారు.

ఖమ్మం వెళ్లొచ్చాం. మళ్లీ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, కానీ ఈసారి అంత తొందరగా గుణం కనబడలేదు. చేతికి కర్ర వచ్చింది. సంగతి తెలిసి అయ్యగారు ఇంటికొచ్చారు. చాలా నెలల తర్వాత ఆయన మా ఇంట్లో అడుగుపెట్టడం అదే. నేను టీ పెట్టాను.

అయ్యగారు కర్ర వైపు చూస్తూ అన్నారు. "దీన్ని నేను పట్టుకుంటా తమ్ముడూ. నువ్వు మెట్ల కాడి నుంచి మైకు దాక నడిస్తే చాలు. వెనకాల్నే మనోళ్లు ఉంటరు, పడనియ్యరు."

"నడుస్త అయ్యగారూ. కర్రతోటే నడుస్త. మళ్లొచ్చిందని చెప్త. వచ్చినా ఆయన నన్ను ఇడిసిపెట్టలేదని చెప్త."

"గట్ల చెప్తే జనం ఏమనుకుంటరు? దేవుడు ఇచ్చి మళ్ల తీస్కున్నడు అనుకోరా?"

"ఆయన ఇచ్చింది ఆయన తీస్కోలే. కాళ్లు పోతున్నయి, గంతే."

అయ్యగారు నా వైపు తిరిగారు. నువ్వైనా చెప్పు చెల్లెమ్మా అన్నట్టు చూశారు. నేను చెప్పలేదు. భర్త మాట కాదనలేక కాదు. అయ్యగారు ఒక్కసారైనా, నొప్పిగా ఉందా తమ్ముడూ అని అడుగుతారేమోనని చూస్తున్నాను. అడగలేదు. టీ సగంలో వదిలి లేచారు. మా ఇంటికి వచ్చిన ఏ రోజూ ఆయన ప్రార్థన చేయకుండా వెళ్లలేదు. ఆ రోజు వెళ్లారు.

సభలకు మేము పోలేదు. సభల తర్వాతి ఆదివారం మాత్రం ఎప్పటిలాగే మందిరానికి వెళ్లాం. మొదటి వరసలో మా కుర్చీల్లో వేరేవాళ్లు ఉన్నారు. వెనక కూర్చున్నాం. అయ్యగారు ఆ రోజు దేవుడిచ్చిన మేలును నిలబెట్టుకోలేనివాళ్ల గురించి చెప్పారు. స్వస్థత పొంది, ఆ తర్వాత అవిశ్వాసం వల్లా, ఇంట్లో దాచుకున్న పాపం వల్లా దాన్ని పోగొట్టుకున్న మనిషి సంగతి చెప్పారు. పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేదు. ఒకరి తర్వాత ఒకరు తలలు మా వైపు తిరిగాయి. మా పాప నా చెయ్యి పట్టుకుని, మన ఇంట్లో ఏం దాచినం మమ్మీ అని చెవిలో అడిగింది. మా ఆయన మాత్రం చివరి ప్రార్థన అయ్యేదాకా తల దించుకునే ఉండి, తర్వాత కర్ర తీసుకుని లేచారు.

బయట అమ్మగారు చెప్పుల దగ్గర నిలబడి ఉంది. నాకు పథ్యం వండి పెట్టిన మనిషి. వందనాలమ్మా అన్నాను. ఆమె నా భుజం మీదుగా వెనకున్నవాళ్లకు చెయ్యి ఊపింది. అయ్యగారి ప్రసంగం కన్నా నాకదే ఎక్కువ తగిలింది.

తర్వాత ఎవరూ రాలేదు. కూరల వంతులు లేవు, ఫోన్లు లేవు. పాటల గుంపులో నా పక్కన నిలబడే ఆవిడ సత్తుపల్లి బజారులో ఎదురుపడి, జల్దీలో ఉన్న అక్కా అని పక్క దుకాణంలోకి తిరిగింది. మా ఆయన లారీ పని పోయింది. కర్ర పోయి వాకర్ వచ్చింది. నేను రోజూ స్కూల్లో పిల్లలకు పద్యాలు చెప్తూ, మనసులో ఒక్కొక్కరి ముఖాన్నీ గుర్తు చేసుకుని వాళ్లతో గొడవ పడేదాన్ని. దేవుడితో కూడా. నీ పేరు చెప్పే కదా వాళ్లు మమ్మల్ని ఊరూరా తిప్పింది, నువ్వెందుకు ఊరుకున్నావు అని.

ఆ వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా వాకిట్లో ఆటో ఆగింది. ఒక కోయ ఆవిడ దిగింది, చిన్న వయసే. వెనక సీటులో ఆమె భర్త, మెడ కింద దిండు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. దుమ్ముగూడెం అవతల అడవిలో వాళ్ల ఊరు. అతను జీలుగు చెట్టెక్కి కల్లు దింపుతూ పడ్డాడు, నడుము కింద కదలిక లేదు. భద్రాచలం దవాఖానాలో ఉంటే పెద్ద దవాఖానాకు పంపుతామన్నారట. ఈలోగా పక్క మంచం వాళ్లు ఆమెకు ఫోన్లో ఆ వీడియో చూపించారు. మందిరానికి వెళ్తే అయ్యగారు ఊళ్లో లేరని చెప్పి, ఎవరో మా ఇల్లు చూపించారు.

"వీడియోల నడిచిన అన్న ఇల్లు ఇదేనా అక్కా?" అని అడిగింది.

అప్పుడే మా ఆయన వాకర్ తోసుకుంటూ లోపలి నుంచి వచ్చారు. ఆమె ఆయన ముఖం చూసింది. కాళ్లు చూసింది. మళ్లీ ముఖం చూసింది.

"ఈయన గాదు," అంది నాతో. "నడిచినాయన ఏడి?"

"నేనే చెల్లే," అన్నారు మా ఆయన.

అతన్ని లోపలికి తెచ్చి చాప మీద పడుకోబెట్టాం. మా ఆయన గోడ పట్టుకుని, కష్టం మీద అతని పక్కన కిందే కూర్చుని అంతా చెప్పారు. జబ్బు ఎట్లా వచ్చిందీ, ఎట్లా పోయిందీ, మళ్లీ ఎట్లా వచ్చిందీ. ఆమె చివరిదాకా విని, మరి నడిచిందంతా ఉత్తదేనా అని అడిగింది.

"ఉత్తది కాదు. సూదులేసిన్రు, మాత్రలు మింగిన, అందరు ప్రార్థన చేసిన్రు, నడిచిన. మళ్లొచ్చింది. నీ పెనిమిటిది నా జబ్బు కాదు, ఎన్నుపూస దెబ్బ. ఒక్క పూట గూడ ఆలస్యం చెయ్యొద్దు."

ఆమె నా వైపు తిరిగింది. "గీ మాట ఫోన్ల ఎందుకు చెప్పలే? మీ బొమ్మ జూసి నేను దవాఖానా ఇడిసిపెట్టి వచ్చిన. మీరు మమ్మల్ని మోసం చేసిన్రు."

గొంతు పెంచలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. మోసపోయినవాళ్లం మేమే అని అన్నాళ్లూ నేను లోపల లోపల కుమిలిపోతున్నాను. ఆమె కళ్లకు మేము మోసం చేసినవాళ్ల వైపు ఉన్నాం. మాకు సంబంధం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ వీడియోలో ఏడుస్తున్నది నేనే.

నేను అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. అది వచ్చేలోగా ఆ ఇద్దరు మగవాళ్లు మెల్లగా మాట్లాడుకుంటూ ఉన్నారు. చాప మీది మనిషి, కాళ్లు రాకుంటే ఎట్ల బతకాలె అన్నా అని అడిగాడు. మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి, "బయమైతది. బయమైనప్పుడు దేవునితోటి మాట్లాడు. కాళ్లు అడుగు, తప్పు లేదు. కాని ఉత్తగనే గూడ మాట్లాడు," అన్నారు. ఆ మనిషి తన భాషలో భార్యతో ఏదో అన్నాడు. ఆమె నేను పెట్టిన అన్నం ముట్టలేదు. వాళ్లతో పాటు మా ఆయన కూడా ఖమ్మం దాకా వెళ్లారు. ఆ ప్రయాణానికి ఒళ్లు పట్టేసి ఆయన తర్వాత వారం రోజులు లేవలేకపోయారు.

ఆయన తిరిగొచ్చాక నేను ఒక్కదాన్నే అయ్యగారి దగ్గరికి వెళ్లాను. కొత్త మందిరంలో ఆయనకు ఒక గది ఉంది. కుర్చీ చూపించారు, కూర్చోలేదు. జరిగింది చెప్పి, ఆ వీడియో తీసేయమని అడిగాను.

"ఆ రోజు తమ్ముడు నడిచింది అబద్ధమా?" అన్నారు.

"కాదు."

"మరి దేవుని మహిమను నేనెట్ల తీసేస్త? అది చూసి ఎంతమంది వస్తున్నరో నీకు తెల్వదు."

"దవాఖానాలు ఇడిసిపెట్టి వస్తున్నరయ్యగారూ. కింద మందుల సంగతన్న రాయించండి. మళ్లొచ్చిన సంగతన్న రాయించండి."

ఆయన కిటికీలోంచి కింద ఆగిన కార్ల వైపు చూశారు. ఆ ముఖంలో నాకు కోపం కనబడలేదు. బెదురు కనబడింది. వీడియో తీసేస్తే వీళ్లంతా ఎందుకు తీసేశావని అడుగుతారు. మళ్లీ రేకుల కప్పు రోజులు వస్తాయని ఆయన భయం. నేనిక వెళ్తాననగా గుమ్మం దగ్గర ఆగి, అసలు నేను అడగాలని వెళ్లిన మాట అడిగాను.

"ఆయన్ని చూడనీకి ఎందుకు రాలేదు? సభల కోసం కాదు. ఉత్తగనే. మొదట వచ్చినట్టు."

అయ్యగారు బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ, పనులు చెల్లెమ్మా అన్నారు. ఆ పిలుపు ఆయన నోట వినడం అదే ఆఖరు.

తిరిగొచ్చేటప్పుడు పామాయిల్ తోటల మధ్య నడుస్తుంటే నా దుఃఖం ఎక్కడ ఉందో నాకు తెలిసింది. కాళ్లు పోయినందుకు కాదు, కుర్చీ పోయినందుకు కాదు. మా దగ్గర చూపించడానికి ఏమీ లేనప్పుడు ఆ మనిషి మమ్మల్ని చూడటానికి రాలేదు. ఆయనకు మేము కావాలనుకున్నాను. ఆయనకు మా నడక కావాలి. ఆ ఆలోచన అంతటితో ఆగితే బాగుండేది. అది తిరిగి నా మీదికే వచ్చింది. నేను దేవుడి దగ్గరికి వెళ్లిన రోజులన్నిటిలో, ఉత్తగా వెళ్లిన రోజు ఏది? ఎంత వెతికినా నాకు గుర్తు రాలేదు. గుర్తు రాకపోయేసరికి అయ్యగారి మీద కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

ఆ మందిరానికి మేము మళ్లీ వెళ్లలేదు. ఆదివారం ఇంట్లోనే కూర్చుంటాం. తోటలో కరెంటు తగిలి భర్త పోయినావిడ వస్తుంది, ఇంకో రెండు కుటుంబాలు వస్తాయి. పాస్టరు లేరు, మైకు లేదు. మా ఆయన కొద్దిగా కోలుకుని ఇప్పుడు వాకర్‌తో తోటల దగ్గర గెలల కాటా పెట్టేచోట కూర్చుని చీటీలు రాస్తున్నారు. నేను చాలాకాలం ప్రార్థన చేయలేకపోయాను. దేవుడు కూడా మమ్మల్ని మోసం చేశాడనే అనిపిస్తుంది అని ఒకరోజు ఆయనతో చెప్పేశాను. తిడతారనుకున్నాను. "గా మాట నాకెందుకు చెప్తున్నవ్? ఆయనకే చెప్పు. మాట్లాడుడు మాత్రం బంద్ చెయ్యకు," అన్నారు.

అలాగే చెప్పాను. రోజూ అదే చెప్పాను. ఒకప్పుడు కాళ్లు ఇయ్యి అని అడిగిన గోడ దగ్గరే కూర్చుని, నువ్వు ఇలా చేశావు, వాళ్లు ఇలా చేశారు అని. ఆకాశం నుంచి జవాబేమీ రాలేదు. కానీ కొన్నాళ్లకు నేను గమనించింది ఏమిటంటే, ఏదీ అడగకుండా దేవుడి ఎదుట అంతసేపు కూర్చోవడం నాకదే మొదటిసారి. తిట్టడానికే అయినా ఆయన కోసమే వెళ్తున్నాను.

పోయిన క్రిస్మస్ ముందర మేము దుమ్ముగూడెం అవతలికి ఆ మనిషిని చూడటానికి వెళ్లాం. ఆపరేషన్ అయింది. ఆలస్యం కాకుంటే ఏమయ్యేదో డాక్టర్లు చెప్పలేదట. అతను కూర్చోగలుగుతున్నాడు, నడవలేడు. గుడిసె ముందు మంచం వేసుకుని వెదురు బుట్టలు అల్లుతున్నాడు. మా ఆయన్ని చూసి గట్టిగా నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ కబుర్లలో పడ్డారు.

ఆమె నాకు చెంబుతో నీళ్లిచ్చింది. కూర్చోమనలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి నావైపు వీపు పెట్టి కూర్చుంది. నేను నిలబడే తాగాను. కాసేపటికి మగవాళ్లిద్దరూ తలలు వంచుకున్నారు. మా ఆయన ప్రార్థన మొదలుపెట్టారు, పొరుగాయనతో మాట్లాడినట్టు మామూలు గొంతుతో. కాళ్లు అడుగుతారేమో, ఏదైనా పని అడుగుతారేమో అని విన్నాను. ఏమీ అడగలేదు. మేము ఇక్కడున్నం, నువ్వు ఇక్కడున్నవ్, మంచిగుంది అన్నారు. అంతే. ఆమె పొయ్యిలో కట్టె సర్దుతూనే ఉంది. నేను చెంబు కింద పెట్టి, ఆమెకు కొంచెం ఎడంగా మట్టి మీదే కూర్చున్నాను. ఆమె నావైపు చూడలేదు, వెళ్లమనీ అనలేదు.